ఎటిమాన్‌లైన్ రివ్యూ: రూట్ వర్డ్స్ జిరాక్సు కట్టను సరిచూసుకోవాలంటే

తిరుపతిలో పోటీ పరీక్షలకు చదివే ఏ గదిలోకి తొంగిచూసినా రూట్ వర్డ్స్ జిరాక్సు కట్ట ఒకటి కనిపిస్తుంది. ఎడమ పక్క వేరు, కుడి పక్క దాని అర్థం, కింద నాలుగైదు ఉదాహరణలు. బ్యాంకు పరీక్షకైనా, ఎస్‌ఎస్‌సికైనా, జీఆర్‌ఈకైనా అదే కట్ట. అందులో చాలావరకు సరైన సంగతే ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే తప్పు కూడా ఒప్పంత ధీమాగానే అచ్చయి ఉంటుంది. ఎక్కడి నుంచి తెచ్చారో, ఎవరు చెప్పారో రాయరు.

ఆ కట్టను పక్కన పెట్టుకొని ఒక్కో మాటనూ సరిచూసుకోవడానికి, పైసా ఖర్చు లేకుండా దొరికేవాటిలో ఇంగ్లీషు మాటల పుట్టుక చెప్పే సైటు ఎటిమాన్‌లైన్‌ను మించింది లేదు. ఐదుకు నాలుగు మార్కులు ధారాళంగా వేయొచ్చు. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశామో మన పక్క మాటల దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, లాంకాస్టర్‌కు చెందిన డగ్లస్ హార్పర్ అనే పత్రికా ఉద్యోగి ఈ శతాబ్దం మొదట్లో సొంతంగా పెట్టిన సైటు ఇది. వెనక విశ్వవిద్యాలయం లేదు. పెద్ద పెద్ద నిఘంటువుల్లో ఉన్నది ఏరి, కుదించి, ఒకదానికొకటి లింకులు వేసి పెట్టాడు. ఆక్స్‌ఫర్డ్ మహా నిఘంటువు ఆన్‌లైన్‌లో పూర్తిగా చూడాలంటే చందా కట్టాలి. ఇక్కడ ఆ బాధ లేదు, ఫోనులో అడ్వర్టయిజుమెంట్లు మాత్రం భరించాలి. ఇది అర్థాల నిఘంటువు కాదన్న సంగతి మొదటే గుర్తు పెట్టుకోండి. ఉచ్చారణ, వాడుక వాక్యాలు కావాలంటే మెరియం వెబ్‌స్టర్ సైటుకు వెళ్ళాల్సిందే. ఇక్కడ దొరికేది మాట పుట్టుపూర్వోత్తరాలు, దాని చుట్టాలు.

ఊళ్ళో పొద్దున లేస్తే నోట నానే ఇంగ్లీషు మాటలతోనే సైటును పరీక్షించవచ్చు. టికెట్ అని కొట్టండి. 1520ల నాటి మాట అని, చిన్న చీటీ అని తొలి అర్థం వస్తుంది. పాత ఫ్రెంచిలో గోడకో తలుపుకో అంటించిన చీటీని ఎస్టికెట్ అనేవాళ్ళు. దాని వెనక ఉన్న క్రియకు అంటించడం అని అర్థం. అది ఇంగ్లీషు, జర్మన్ పుట్టిన జర్మానిక్ శాఖ నుంచి ఫ్రెంచిలోకి చేరిన మాట, ఇంగ్లీషు స్టిక్‌కు స్వయానా దాయాది. ఆ ఫ్రెంచి చీటీయే 18వ శతాబ్దంలో ఇంకోసారి ఇంగ్లీషులోకి దిగింది, ఈసారి ఎటికెట్ రూపంలో, మర్యాద పద్ధతులు అనే అర్థంతో. రాజాస్థానంలో ఎలా మసలుకోవాలో చీటీల మీద రాసి ఇవ్వడం వల్ల ఆ అర్థం వచ్చి ఉండొచ్చని సైటు చెబుతుంది. ఉండొచ్చు అనే అంటుంది, అంతకు మించి ఒక్క మాట ముందుకు పోదు. జిరాక్సు కట్టకూ దీనికీ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. పర్‌హాప్స్, ప్రాబబ్లీ, ఆఫ్ అన్‌సర్టెన్ ఆరిజిన్ అన్న ముక్కలు కనిపించినప్పుడు వాటిని దాటేసి చదవకూడదు. సగం సమాచారం ఆ ముక్కల్లోనే ఉంది.

క్యూ కాంప్లెక్సులోని క్యూ ఫ్రెంచిలో తోక. లాటిన్ కౌడా దాని మూలం. మనుషుల వరస అనే అర్థం ఇంగ్లీషు రాతల్లో 1837కు గానీ కనపడదు. పిరికివాడని చెప్పే కవర్డ్ కూడా ఈ తోక కుటుంబమే. తోక ముడిచాడని మనం వేరే దారిలో అక్కడికే వెళ్ళాం. బిలియర్డ్స్ కర్రను పిలిచే క్యూ ఈ ఇంటిదే. నాటకంలో నటుడికి అందించే క్యూ మాత్రం ఈ ఇంటిది కాదు, దానికి సైటులో వేరే పద్దు, అంటే ఎంట్రీ, ఉంది. క్లోక్ రూమ్‌లోని క్లోక్‌కూ గోడ గడియారం క్లాక్‌కూ మూలం ఒక్కటే: మధ్యయుగపు లాటిన్‌లో గంటను పిలిచే క్లోకా. కింద వెడల్పుగా విచ్చుకునే ప్రయాణపు అంగీ గంట ఆకారంలో ఉండేది కాబట్టి ఆ పేరు. టోకెన్ మాత్రం పరాయిది కాదు, పాత ఇంగ్లీషు సొత్తు. గుర్తు, సంకేతం అని అర్థం. టీచ్ దాని తోబుట్టువు, చూపించి చెప్పడం కదా.

పిల్‌గ్రిమ్ పద్దు ఇంతకంటే బాగుంటుంది. లాటిన్ పెరెగ్రీనుస్, అంటే పొరుగు దేశం వాడు. పెర్ అంటే అవతలికి, అగెర్ అంటే పొలం, సీమ. మన పొలిమేర దాటి వచ్చినవాడన్న మాట. రెండు ర-కారాలు దగ్గర దగ్గరగా ఉంటే నాలుక తడబడి మొదటిది ల-కారంగా మారింది, అందుకే పిల్‌గ్రిమ్ అయింది. పెరెగ్రిన్ డేగ పేరులో పాత రూపం చెక్కుచెదరలేదు. అగెర్ నుంచి అగ్రికల్చర్, అగెర్ పుట్టిన మూలం నుంచే పాత ఇంగ్లీషు శాఖలో ఎకరం. పొలం రిజిస్ట్రేషన్ కాయితాల్లో రాసే ఎకరానికీ కొండకు నడిచే యాత్రికుడికీ చుట్టరికం ఉందని ఏ రూట్ వర్డ్స్ కట్టా చెప్పదు. కళ్యాణకట్ట దగ్గర వినిపించే టాన్‌షర్ లాటిన్ టోన్‌సూరా, గొర్రె బొచ్చు కత్తిరించడానికీ జుట్టు తీయడానికీ ఒకటే మాట. చూడటానికి ఒకేలా ఉన్నాయని టాన్సిల్స్‌ను దీని పక్కన రాసుకోవద్దు. నిఘంటువులు ఆ రెంటినీ కలపవు.

ఇక పద్దు చదివే తీరు. కొత్తవాళ్ళు తప్పటడుగు వేసేది ముందుగా తేదీ దగ్గరే. టాన్‌షర్ పక్కన లేట్ 14సి అని ఉంటుంది. అంటే 14వ శతాబ్దం చివరి భాగం, సుమారు 1370 నుంచి 1400 దాకా. దాన్ని 1400ల చివర అనుకొని నోట్సులో 1480 అని రాసుకుంటే వందేళ్ళు తేడా కొట్టేసినట్టే. సంవత్సరం ముందు ఒక్క సి, చుక్క ఉంటే ఆ అంకె సుమారుదని. ఆ తేదీ మాట పుట్టిన రోజు కూడా కాదు. ఇప్పటికి దొరికిన రాతల్లో ఇంగ్లీషులో మొదట కనిపించిన కాలం అంతే. జనం నోట్లో అంతకు ముందు ఎన్నేళ్ళుగా ఉందో ఎవరూ చెప్పలేరు.

ఒకే స్పెల్లింగుకు రెండు మూడు పద్దులు ఉండటం రెండో గండం. టెంపుల్ అని కొడితే గుడి ఒక పద్దు, కణత ఇంకో పద్దు. మొదటిది లాటిన్ టెంప్లుమ్, కాంటెంప్లేట్ దాని సంతానం. రెండోదాని దారి వేరు. శాండల్ కూడా అంతే, చెప్పు గ్రీకు మాట, చందనం మన సంస్కృతం నుంచి గ్రీకు, లాటిన్‌ల మీదుగా పోయిన మాట. వెతకగానే వచ్చిన మొదటి పద్దు చదివి మూసేస్తే తప్పుడు చుట్టరికం అంటగడతారు.

మూడోది నక్షత్రం గుర్తు. లింకులు నొక్కుతూ పోతే చివరికి నక్షత్రం పెట్టి, పక్కన అడ్డగీతతో ఒక చిన్న వేరు వస్తుంది. ఆ రూపం ఏ శాసనంలోనూ, ఏ తాళపత్రంలోనూ దొరికింది కాదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్, జర్మానిక్ వంటి భాషలను పోల్చి, వాటికి ముందున్న ఇండో యూరోపియన్ మూలభాషలో ఇలా ఉండి ఉంటుందని పండితులు కట్టిన రూపం. దాని కింద ఇంగ్లీషు మాటల జాబితా, ఆ తర్వాత సంస్కృతం మొదలైన భాషల్లోని చుట్టాలు ఉంటాయి. ఈ సైటులో అన్నిటికంటే విలువైన పేజీలు ఇవే.

కట్టలోని తప్పులు పట్టుకోవడానికి ఈ పేజీలు ఎలా పనికొస్తాయో చూడండి. పెడ్ అంటే పాదం అని రాసి, కింద పెడల్, పెడెస్ట్రియన్, పీడియాట్రిక్స్, పెడగాగ్ అని వరసగా ఉదాహరణలు ఇచ్చిన కట్టలు ఉన్నాయి. మొదటి రెండే సరి. అవి లాటిన్ పాదం, సంస్కృతంలో పాదమే. చివరి రెండూ గ్రీకు పైస్, అంటే బిడ్డ. ఆ వేరు పేజీలో సైటు సంస్కృతం పుత్ర శబ్దాన్ని చూపిస్తుంది. పాదం వైపా, పుత్రుడి వైపా అని అడిగితే తెలుగువాడికి ఇక జన్మలో ఈ తికమక ఉండదు. పెడిగ్రీ ఎటు అని అడిగితే బిడ్డలు, వంశం అనిపిస్తుంది గానీ అది పాదం వైపే. వంశవృక్షంలో గీసే మూడు పాయల గీత కొంగ పాదంలా ఉంటుందని ఫ్రెంచిలో ఆ పేరు పెట్టారు.

మిస్ అంటే చెడు, తప్పు అని రాసి మిస్‌టేక్, మిస్‌యూజ్ పక్కన మిసలేనియస్‌ను చేర్చడం ఇంకో రివాజు. మిసలేనియస్ లాటిన్‌లో కలపడం అనే క్రియ నుంచి వచ్చింది, మిక్స్ దాని చుట్టం, సంస్కృతంలో మిశ్ర. మిశ్రమం అని తెలిసినవాడికి కట్ట అక్కర్లేదు. ఫీమేల్‌లో మేల్ ఉందని నమ్మేవాళ్ళు కూడా తక్కువేం కాదు. అది లాటిన్ ఫెమెల్లా, ఫ్రెంచి ఫెమెల్. మేల్ పక్కన జతగా నిలబడాలని తర్వాత స్పెల్లింగు మార్చారు, అంతే. పెన్, పెన్సిల్ అన్నదమ్ముల్లా ఉంటాయి, కావు. పెన్ లాటిన్ పెన్నా, ఈక. పెన్సిల్ లాటిన్ పెనికిల్లుస్, చిన్న తోక, దాంతోనే చిత్రకారుడి కుంచె. పెన్సిల్‌కు నిజమైన చుట్టం పెనిసిలిన్. ఆ మందు వచ్చిన బూజు సూక్ష్మదర్శినిలో కుంచెలా కనిపిస్తుందని దానికి పెనిసిలియం అని పేరు, దాన్నిబట్టి మందుకు పెనిసిలిన్ అని ఫ్లెమింగ్ 1929లో పెట్టాడు.

న్యూస్ అంటే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలని, టిప్ అంటే ఏదో వాక్యానికి పొడి అక్షరాలని, సిన్సియర్ అంటే మైనం లేని విగ్రహమని వాట్సాపులో తిరిగేవన్నీ కట్టుకథలు. న్యూస్ కేవలం న్యూకు బహువచనం. శాలరీ సంగతి కాస్త ఆగి చూడాల్సింది. లాటిన్ సలారియుమ్‌లో ఉప్పు ఉన్నమాట నిజం. రోమన్ సైనికులకు జీతంగా ఉప్పే కొలిచి ఇచ్చేవారనడానికి పాత గ్రంథాల్లో నేరుగా ఆధారం లేదు. ఉప్పు దాకా రాసుకోండి, సైనికుల దగ్గర ఆగండి.

ఎగరడం, మీదికి దూసుకుపోవడం అని అర్థం చెప్పే పెట్ అనే మూల వేరు పేజీ ఒక్కటి చదివితే సైటు సత్తా తెలిసిపోతుంది. దారి శేషాచలం నుంచే మొదలుపెట్టొచ్చు. ఎర్రచందనాన్ని ఇంగ్లీషులో రెడ్ శాండర్స్ అంటారు. అందులో శాండర్స్ పాత ఫ్రెంచి మీదుగా వచ్చిన చందనమే. శాస్త్రీయ నామం టెరోకార్పస్ సాంటలైనస్. రెండో ముక్క మళ్ళీ చందనమే. మొదటి ముక్కలో గ్రీకు టెరోన్, అంటే రెక్క, కార్పోస్, అంటే పండు. ఎర్రచందనం కాయ చేతిలోకి తీసుకుంటే నడుమ గింజ ఉన్న ఉబ్బు, దాని చుట్టూ పలచటి రెక్కలాంటి అంచు కనిపిస్తాయి. పేరు పెట్టినవాడు చూసింది అదే. ఆ రెక్కే టెరోడాక్టిల్ పేరులో ఉంది. హెలికాప్టర్‌లోనూ ఉంది. ఆ మాటను హెలీ, కాప్టర్ అని విరుస్తారు గానీ, విరవాల్సింది హెలికో దగ్గర: మెలిక తిరిగినది, ఆ తర్వాత రెక్క. హెలీప్యాడ్ లాంటి మాటలన్నీ తప్పుగా విరిచినందువల్ల పుట్టినవే, అయినా స్థిరపడ్డాయి.

అదే వేరు నుంచి జర్మానిక్ శాఖలో ఫెదర్, లాటిన్‌లో ఇందాకటి పెన్నా, దాంతో పెన్. సంస్కృతంలో పత్రం: రెక్క, ఈక, ఆకు, చివరికి కాయితం. పెన్నూ పత్రమూ వేర్వేరు దేశాల్లో పెరిగి ఒకే బల్ల మీద కలుసుకున్నాయి. లాటిన్‌లో అదే వేరు దూసుకుపోవడం, కోరి వెంటపడటం అనే అర్థంలో పెటెరే అయింది. పిటిషన్, అపిటైట్, రిపీట్ దాని బిడ్డలు. కాంపీట్ కూడా: కమ్ అంటే కలిసి, పెటెరే అంటే ఒకదాని వెంటపడటం. కాంపిటీటివ్ ఎగ్జామ్ అంటే ఒకే ఉద్యోగం వెంట గుంపుగా పరిగెత్తడమన్న మాట. మూలం తెలిసినా తెలియకపోయినా తిరుపతి భైరాగిపట్టెడ గదుల్లో జరుగుతున్నది అదే.

ఈ పత్రం, పాదం, పుత్రుడు చూసి చాలామంది ఒక తొందరపాటు నిర్ణయానికి వస్తారు: ఇంగ్లీషు సంస్కృతం నుంచి పుట్టిందని. సైటు అలా అనడం లేదు. పద్దులో ఫ్రమ్ అని ఉంటే మాట అక్కడి నుంచి వచ్చిందని. సోర్స్ ఆల్సో ఆఫ్ అని ఉంటే ఆ మూలం నుంచే ఇవి కూడా పుట్టాయని. మొదటిది తల్లీబిడ్డల వరస, రెండోది అక్కచెల్లెళ్ళ వరస. నేమ్, నామ అక్కచెల్లెళ్ళు. శాండల్ అనే చందనం మాత్రం నిజంగా సంస్కృతం నుంచి అరువు పోయింది. సంస్కృతానికి గ్రీకు, లాటిన్‌లతో ఉన్న పోలికను విలియం జోన్స్ కలకత్తాలో 1786లో చెప్పినప్పుడు కూడా ఉమ్మడి మూలం అన్నాడే గానీ సంస్కృతమే మూలం అనలేదు. ఇంకొకటి: ఈ పోలికలు మన తత్సమాలతోనే కుదురుతాయి. తెలుగు దేశ్యాలు ఈ వంశంలోవి కావు. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని అప్పటి మద్రాసు కలెక్టరు ఎల్లిస్ 1816లో, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ఉపోద్ఘాతంలో చూపించాడు. కాలుకూ లెగ్‌కూ, నోరుకూ నోస్‌కూ లంకె పెట్టే వీడియోలు చూసి నోట్సు రాసుకోకండి.

మార్కు కోసింది ఇక్కడే. దక్షిణాది నుంచి ఇంగ్లీషులోకి పోయిన మాటల దగ్గర ఈ సైటు మరీ పొదుపుగా మాట్లాడుతుంది. బ్యాండికూట్‌కు తెలుగు పందికొక్కు మూలమని సరిగ్గానే చెబుతుంది. మ్యాంగో పోర్చుగీసు మీదుగా వచ్చిందని, వెనక తమిళ మలయాళాల మాట ఉందని చెబుతుంది. చిత్తూరు పక్క గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి తోలే రైతుకు మాంగా అన్న తమిళ మాట కొత్త కాదు. గోడౌన్ దగ్గరికి వస్తే మలయ్ భాష గుదాంగ్, దాని వెనక తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు అన్న వాదం ఉంది. ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చాలంటే రెండు వాక్యాల పద్దు చాలదు. యాత్రికుల బసకు మద్రాసు ఇంగ్లీషులో రాసే చౌల్ట్రీ మన చావడి నుంచి పోయిన మాట. ఇలాంటివాటికి యూల్, బర్నెల్ కూర్చిన హాబ్సన్ జాబ్సన్ అనే ఆంగ్లో ఇండియన్ మాటల నిఘంటువును మించింది లేదు. మొదట 1886లో వచ్చింది, 1903లో క్రూక్ సవరించాడు. పాత రాతల నుంచి వాక్యాలు తేదీలతో సహా ఇస్తుంది. షికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా నిఘంటువుల సైటులో అదీ, బ్రౌన్ తెలుగు ఇంగ్లీషు నిఘంటువూ రెండూ ఉచితంగా వెతుక్కోవచ్చు. తెలుగు మాటను బ్రౌన్‌లో చూసి, ఇంగ్లీషు రూపాన్ని హాబ్సన్ జాబ్సన్‌లో చూసి, చివరికి ఎటిమాన్‌లైన్‌కు రావాలి. విక్షనరీలో తెలుగు పద్దులు కూడా దొరుకుతాయి గానీ ఎవరైనా మార్చొచ్చు కాబట్టి ఆధారం చూపించిన పద్దునే నమ్మండి.

పరీక్షకు చదివేవాళ్ళకు సైటుతో ఉన్న పెద్ద ప్రమాదం టైము. ఒక లింకు ఇంకో లింకుకు తోస్తుంది, అరగంటలో పెన్ను నుంచి పెనిసిలిన్ దాటి ఎక్కడో తేలతారు. ముందే హద్దు పెట్టుకోండి. రోజుకు ఒక్క వేరు. కట్టలో ఉన్న ఒక తెలిసిన మాటతో మొదలుపెట్టి, పద్దు చివర ఉన్న వేరు లింకు నొక్కి, జాబితాలో పేపర్లో, పాత ప్రశ్నపత్రాల్లో తగిలే ఆరేడు మాటలు మాత్రమే ఏరుకోవాలి. జాబితా మొత్తం ఎక్కించుకుంటే మర్నాటికి ఏదీ మిగలదు. ఒక్కో మాటకు నోట్సులో మూడు ముక్కలు చాలు: మూలార్థం, సంస్కృత చుట్టం ఉంటే అది, మెరియం వెబ్‌స్టర్ చెప్పిన ఇప్పటి అర్థం. మూడోది తప్పనిసరి. ఎందుకంటే మూలార్థం ఇప్పటి అర్థానికి పూచీ పడదు. నైస్ లాటిన్‌లో తెలివితక్కువవాడు, 13వ శతాబ్దం చివర ఇంగ్లీషులోకి ఆ అర్థంతోనే వచ్చింది. సిల్లీ పాత ఇంగ్లీషులో ధన్యుడు. ప్రశ్నపత్రం అడిగేది ఈ రోజు అర్థాన్నే. మూలం పట్టుకొని నైస్‌కు మూర్ఖుడని టిక్కు పెడితే మార్కు పోతుంది, నెగటివ్ మార్కింగు ఉంటే ఇంకో పావు కూడా పోతుంది.